బోదె దాకా

మా నాయనమ్మ లెక్కలో నల్లకోటు వేసుకున్న ప్రతి ఒక్కరూ బారిస్టరే. ఉయ్యూరు కోర్టులో వాయిదా అడిగే జూనియరూ బారిస్టరే, హైకోర్టులో వాదించే పెద్దవాళ్ళూ బారిస్టర్లే. మొన్న దసరాకి ఇంటికెళ్తే గుమ్మానికి మామిడాకులు కడుతూ అడిగింది, "ఏమే, నీ బారిస్టరు పని నేర్చుకోవడం ఇంకెన్నాళ్ళు?" అని. వచ్చే నెలతో మూడేళ్ళు నిండుతాయని చెప్పాను. "అయితే ఇక నీ కేసులు నువ్వే చూసుకుంటావన్నమాట" అంది. అవుననలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. తిరిగి ఉయ్యూరు వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

బారిస్టరు అనే మాట ఆవిడ తరానికి ప్రకాశం పంతులుగారి దగ్గర నుంచి వచ్చింది. ఆయన రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మంచి పేరు, మంచి రాబడి ఉన్న మనిషి. అయితే ఆ రోజుల్లో ఈ వృత్తిలో మెట్లుండేవి. సెకండ్ గ్రేడ్ ప్లీడరు మద్రాసు హైకోర్టులో నిలబడి వాదించడానికి లేదు. కింది కోర్టులో ఎంత కష్టపడి గెలిచినా, అప్పీలు మద్రాసు చేరిందంటే కాగితాల కట్ట ఇంకొకరి చేతిలో పెట్టాల్సిందే. ముప్పై దాటిన వయసులో, పురపాలక సంఘం అధ్యక్షుడిగా కూడా ఉన్న మనిషి, 1904లో ఓడెక్కి లండన్ వెళ్ళి మళ్ళీ విద్యార్థి అయ్యారు. 1907లో బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు అదే చదువుకు ఐర్లండులోని డబ్లిన్ వెళ్ళి వచ్చారు. ఇద్దరూ ఆ చదువుతో వచ్చిన ప్రాక్టీసును జాతీయోద్యమం కోసం వదిలేసినవాళ్ళే. అది వేరే కథ.

ఆ రోజుల్లో లండన్‌లో బారిస్టరు కావడానికి పరీక్షలతో పాటు భోజనాలు కూడా లెక్కలోకి వచ్చేవి. 'ఇన్' అనే సంస్థలో చేరి, టర్ముకు ఇన్ని అని, సీనియర్లున్న హాలులో కూర్చుని తినాల్సి ఉండేది. గాంధీగారు ఇన్నర్ టెంపుల్‌లో 12 టర్ములు అలా నింపారు. 1891 జూన్ 10న బారిస్టరయ్యారు, 12న ఇంటికి ఓడెక్కారు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు. సాక్షిని క్రాస్ చేయడానికి లేచి నిలబడితే నోరు పెగల్లేదు. తీసుకున్న 30 రూపాయలు తిరిగిచ్చేసి బయటికొచ్చారు. లా చదివే రోజుల్లో ఆ ఘట్టం చదివి, పాపం బిడియస్తుడు అనుకుని పేజీ తిప్పేశాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. మూడేళ్ళు చదివి, పరీక్షలన్నీ గట్టెక్కి, పట్టా చేతికొచ్చాక కూడా ఎదురుగా ఉన్న మనిషిని ఏమడగాలో తెలియకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ మెట్లన్నీ 1961 అడ్వొకేట్స్ చట్టంతో పోయాయి. ఇప్పుడు చట్టం దృష్టిలో అందరూ అడ్వొకేట్లే, సీనియర్ అన్న హోదా ఒక్కటే మిగిలింది. మెట్లతో పాటు నేర్పే పద్ధతి కూడా పోయిందని నా బాధ. ఇంగ్లండులో ఈనాటికీ పన్నెండు నెలల శిక్షణ ఉంది. మొదటి ఆరు నెలలు పక్కన కూర్చుని చూడాలి, తర్వాతి ఆరు నెలల్లో కేసు పట్టొచ్చు. మన దగ్గర బార్ కౌన్సిల్ 1995లో ఏడాది శిక్షణ నిబంధన తెచ్చింది. చట్టం ఆ అధికారం ఇవ్వలేదని 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2010లో ఆలిండియా బార్ పరీక్ష వచ్చింది. వంద ప్రశ్నలు, నాలుగింట్లో ఒకటి గుర్తుపెట్టాలి. నేనూ రాశాను, పాసయ్యాను. ఇక 2025 మే 20న, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరని సుప్రీంకోర్టు చెప్పింది. పదేళ్ళ అనుభవమున్న అడ్వొకేటు సర్టిఫికెట్ ఇవ్వాలి, దానిమీద న్యాయాధికారి సంతకం ఉండాలి. నా బ్యాచ్‌లో సగం మంది ఇప్పుడు ఆ కాగితం పనిలోనే ఉన్నారు. "నువ్వు తీసుకోలేదా?" అని ఫోన్లు. మూడేళ్ళు కోర్టుకెళ్ళానని ఆ కాగితం చెబుతుంది. ఏం నేర్చుకున్నానో చెప్పాల్సింది నేను.

నేర్చుకున్నది ఎక్కడంటే, ఉయ్యూరులో బందరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి, ఒక మేడ మీద రెండు గదుల్లో. ముందు గదిలో కక్షిదారులకు బల్ల, మా గుమాస్తా గారి టేబులు. లోపలి గదిలో సీనియర్ గారు, ఆయన వెనక గోడ నిండా తీర్పుల ఏఐఆర్ సంపుటాలు. చెరకు సీజన్లో కేసీపీ ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్ల మోతకి కిటికీ మూసి మాట్లాడుకోవాలి. మొదటి ఆరునెలలు నాకు చట్టం నేర్పింది గుమాస్తా గారే. కట్ట ఎలా కుట్టాలి, డాకెట్ మీద ఏం రాయాలి, బత్తా ఎప్పుడు కట్టాలి, ఆఫీసు వాళ్ళు అభ్యంతరం రాసి తిప్పిపంపిన దావాను ఎన్నాళ్ళలోపు మళ్ళీ వేయాలి, ఏ క్లర్కుని ఏ పూట అడగాలి. ఈ ముక్కలేవీ ఏ పుస్తకంలోనూ ఉండవు.

రెండో ఏడాది నడుస్తుండగా, 2024 జులై 1న, కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకొచ్చాయి. హత్య అంటే 302 అని చిన్నప్పటి సినిమాల నుంచి తెలిసిన అంకె 103 అయింది. 420 కాస్తా 318లో కలిసింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే కాబట్టి, టేబుల్ మీద రెండు పుస్తకాలూ ఉంచుకోవాలి. నలభై ఏళ్ళ అనుభవమున్న మా సార్ కూడా నాతో పాటే కూర్చుని మళ్ళీ సెక్షన్లు వల్లెవేశారు. అది చూశాక, ఈ వృత్తిలో శిక్షణ పూర్తి కావడమనేది నేననుకున్నంత సులువు కాదని అర్థమైంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలకు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలకు తక్కువ కాకుండా ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే. ఉయ్యూరులాంటి చోట రైతు ఇచ్చే ఫీజులు చూస్తే, సీనియరు మాత్రం ఎక్కడినుంచి తెచ్చిస్తారు అనిపిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2019లో జూనియర్లకు నెలకు ఐదు వేలిచ్చే పథకం మొదలుపెట్టింది. అప్పట్లో దాంతో బస్సు చార్జీలు, పుస్తకాలు వెళ్ళదీసినవాళ్ళని నేనెరుగుదును. చేతిలో డబ్బులాడక ఈ మూడేళ్ళ మధ్యలో వెళ్ళిపోయేది ఎవరంటే, కూలి ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలు, పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు. నాతో పాటు, హైకోర్టున్న నేలపాడులో ఎన్‌రోల్ అయిన నా స్నేహితురాలు ఇప్పుడు ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. నాకన్నా బాగా మాట్లాడేది. ఆమె కోటు ఇంకా బీరువాలో ఉందట.

ఇక అసలు సంగతి. మా పనిలో రోజూ చేతిలోంచి వెళ్ళే కాగితం అఫిడవిట్. 2002 జులైలో సివిల్ ప్రొసీజర్ సవరణలు అమల్లోకి వచ్చినప్పటి నుంచీ సాక్షి బోనులో నిలబడి మొదటి నుంచి కథ చెప్పడం పోయింది. ఆ కథనంతా ముందే అఫిడవిట్‌గా రాసి దాఖలు చేస్తాం. దాన్నే చీఫ్ అఫిడవిట్ అంటాం. బోనెక్కిన సాక్షిని ప్రతివాది లాయరు క్రాస్ చేస్తారు. అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది. సంతకం చేసే మనిషికి ఇంగ్లీషు రాదు. అందుకే చివర్లో ఒక వాక్యం ఉంటుంది: ఇందులోని విషయాలు తెలుగులో చదివి వినిపించి వివరించగా, సరిగ్గా ఉన్నాయని ఒప్పుకుని సంతకం చేశారని. కంప్యూటర్లో పాత ఫైలు తెరిచి పేర్లు, సర్వే నంబర్లు మారిస్తే చాలు, ఆ వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. కొత్తలో కొన్ని వందల కాగితాల మీద దాన్ని చూశాను. చూశానే కానీ చదవలేదు.

రెండో ఏడాది వేసవిలో ఒక పెద్దాయన కేసు. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఎకరం చిల్లర మాగాణి. దక్షిణం పక్క పంటబోదె, దాని అవతల ఇంకో రైతు చేను. అవతలి ఆయన బోదె సగం పూడ్చి గట్టు జరుపుతున్నాడని ఇంజంక్షన్ దావా. చీఫ్ అఫిడవిట్ రాసింది నేను. దస్తావేజులో 'దక్షిణం: పంటబోదె' అని ఉంది, ఇంగ్లీషులో అలాగే దించాను. సంతకానికి ఆయన వచ్చిన రోజు ఆఫీసులో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. "మీరు చెప్పిందే రాశాం తాతగారూ, ఇక్కడ పెట్టండి" అన్నాను. వణుకుతున్న చేత్తో ఐదు పేజీల మీదా సంతకం పెట్టాడు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పెట్టాడు కాబట్టి ఆ పనికే పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను పక్కన నిలబడే ఉన్నాను.

క్రాస్ రోజున ప్రతివాది లాయరు చాలా మర్యాదగా అడిగారు.

"మీ పొలం దక్షిణాన ఎందాకా అండీ?"

"బోదె దాకానండి."

"బోదె దాకానే కదా?"

"అవునండి, బోదె దాకా."

జడ్జిగారు ఆ జవాబును ఇంగ్లీషులో చెబుతుంటే టైపిస్టు కొట్టుకుంటూ పోయారు: నా భూమికి దక్షిణపు హద్దు బోదె. అంటే బోదె నాది కాదు. నా గుండె జారిపోయింది. మా ఊళ్ళలో 'బోదె దాకా నాది' అంటే బోదెతో కలిపి నాది అని. ఆ మనిషికి అందులో సందేహమే లేదు. భూమి కేసుల్లో విస్తీర్ణం కన్నా హద్దులకే విలువెక్కువని చదువుకున్నాను. ఆ హద్దు మీద ఒక్క మాట, అదీ తెలుగు మాట, నా కళ్ళముందే అటు పోయింది.

అంతటితో అయిపోలేదు. "మీ అఫిడవిట్‌లో కూడా ఇదే ఉంది, మీకు తెలుసా?" అన్నారు లాయరు. "నాకు ఇంగిలీషు రాదండి." "తెలుగులో చదివి వినిపించారా?"

పెద్దాయన తల తిప్పి నావైపు చూశాడు. బల్ల చివర, కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క క్షణం చూసి మళ్ళీ అటు తిరిగాడు. "వినిపించారండి" అన్నాడు.

ప్రమాణం చేసిన నోటితో, ఆ వయసులో, నా కోసం ఆయన అబద్ధమాడాడు. రీ-ఎగ్జామినేషన్‌లో మా సార్ లేచి, బోదె దాకా అంటే బోదె కలిపా, కలపకుండానా అని అడిగి ఆ ఒక్క ముక్కా రికార్డు చేయించారు. సాక్ష్యం చివర టైపిస్టు ఎప్పటిలాగే 'ఆర్ఓఏసీ' అని కొట్టారు: చదివి వినిపించాం, సరైనదని ఒప్పుకున్నారు అని. ఆయన నా కోసం ఆడిన అబద్ధం గురించి మాత్రం ఎవరూ లేచి నిలబడలేదు. నిలబడాల్సింది నేను.

బయట టీ కొట్టు దగ్గర సార్ అడిగారు, "చదివి వినిపించావా అమ్మాయ్?" అని. లేదన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "అయితే బోనులో ఆయన చెప్పింది మనం చెప్పించిన మాటే" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ఆ పెద్దాయన మాత్రం టీ గ్లాసు పట్టుకుని తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు: ఏటా కాలవకి నీళ్ళొదిలే ముందు బోదెలో పూడిక తీసేది తనేనట, అంతకుముందు వాళ్ళ నాన్నట, తీసిన మట్టి తన గట్టుకే వేసుకుంటారట, అందుకే ఆ గట్టు పక్కవాళ్ళ గట్టు కన్నా ఎత్తట. వింటూ నిలబడిపోయాను. స్వాధీనానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నేను రాసిన ఐదు పేజీల్లో ఇది లేదు. ఆ రోజు ఆఫీసులో 'దక్షిణం పంటబోదె' అని పైకి చదివి ఉంటే, ఆయన అక్కడే ఆపి ఇదంతా చెప్పి ఉండేవాడు.

అప్పటి నుంచీ చదివి వినిపించకుండా ఏ కాగితమూ ముందుకు జరపలేదు. ఒక్కో అఫిడవిట్‌కి అరగంట, ముప్పావు గంట పడుతుంది. ముందు గదిలో జనం పెరుగుతారు, గుమాస్తా గారు గడియారం చూస్తారు. కానీ చదువుతున్నప్పుడే కేసు బయటికొస్తుంది. 'వాది నిరాటంకంగా అనుభవిస్తూ' అని చదివితే ఒకామె "నిరాటంకం ఎక్కడమ్మా, ఆ ఏడు వాళ్ళు కోసుకుపోయారుగా" అంది. ఆ ఒక్క మాటతో దావా మొత్తం మార్చి రాయాల్సొచ్చింది, రాశాం. వ్యాజ్య కారణం అంటే ఎవరికీ తెలియదు, "మీరు కోర్టుకి రావాల్సిన అవసరం ఏ రోజు, ఎలా వచ్చింది" అంటే రోజుతో సహా చెబుతారు, కొందరు తిథితో సహా. మా సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీసులో, చదువురాని మనిషి అఫిడవిట్‌ను ఆ మనిషికి తెలిసిన భాషలో చదివి వినిపించాలనే ఉంది. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఉన్న వాక్యాన్ని నిజం చేయడమే.

అసలు ఆ కాగితం తెలుగులోనే ఎందుకు ఉండకూడదని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. 1966లోనే మనకు అధికార భాషా చట్టం వచ్చింది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూమి తగాదాలో తీర్పే తెలుగులో ఇచ్చింది. కింది కోర్టులో తెలుగు అఫిడవిట్ వేయడానికి అడ్డేమీ లేదు, మన చేతికి అలవాటు లేదు, అంతే. ఈ ఏడాది ఒక చీఫ్ అఫిడవిట్ నేను తెలుగులో రాశాను. ఇంగ్లీషులో గంటలో అయ్యే పని ఒక రోజంతా పట్టింది. పాత ఫైలు లేదు కదా, ప్రతి వాక్యం ఆలోచించి రాయాల్సిందే. సార్ రెండుసార్లు దిద్దారు. సంతకం పెట్టాల్సిన ఆయన కళ్ళజోడు పెట్టుకుని తనే చదువుకుని, మూడో పేజీలో ఒక తేదీ కొట్టేయించాడు. ఆ కొట్టివేత పక్కన ఆయన పెట్టిన పొట్టి సంతకం చూస్తే నాకెంత సంతోషమేసిందో.

గత నెల కోర్టు నన్ను ఒక దావాలో అడ్వొకేట్ కమిషనర్‌గా వేసింది. మా ఆఫీసుకు సంబంధం లేని కేసు. పొలానికి వెళ్ళి, సర్వేయరుతో కొలిపించి, అక్కడ కనపడినవి కనపడినట్టు రాసివ్వాలి. జూనియర్లకు సొంతంగా దొరికే మొదటి పని సాధారణంగా ఇదే. వారెంటు మీద నా పేరు చూసుకుని ఆ రాత్రి నిద్రపట్టలేదు. పుల్లేరు కాలవ గట్టు మీద ఆటో దిగి, కోటు తీసి సంచిలో పెట్టి, చెప్పులు చేత పట్టుకుని వరిచేలో దిగాను. నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలు, కాలవల నుంచి బోదెలు పట్టుకుని వచ్చిన నీళ్ళు. ఆ లండన్ బారిస్టరు పేరు నాయనమ్మకు తెలిసినట్టే ఈ చేలకూ తెలుసు.

సర్వేయరు పొలం కొలతల పుస్తకం (ఎఫ్ఎంబీ) నకలు పట్టుకుని హద్దు రాయి కోసం వెతికారు. రాయి లేదు. గట్టు మీద నిలబడి నేను చూసిందంతా తెలుగులో రాసుకున్నాను: గట్టు వెడల్పు, ఎత్తు, తూము ఎక్కడుంది, గట్టు వంపు తిరిగిన చోట ఒక సర్కారు తుమ్మ చెట్టు. రాయడం అయ్యాక రెండు పక్షాల వాళ్ళనీ దగ్గరికి పిలిచి చదివాను. మగవాళ్ళు తలాడించారు. ప్రతివాది వైపు ఒక ముసలమ్మ, పమిట చెంగు తలమీద కప్పుకుని వెనక నిలబడింది, ముందుకొచ్చింది.

"సర్కారు తుమ్మ అన్నావేంటమ్మా. అది నల్ల తుమ్మ. మా మావగారు పాతిన చెట్టు."

వెంటనే అవతలి పక్షం అరిచింది, ఎవరు పాతారో రాయడానికి వీల్లేదని. అది నిజమే. ఎవరు పాతారో తేల్చేది కోర్టు. కానీ సర్కారు తుమ్మ ఎవరూ పాతకుండా దానంతటదే మొలుస్తుంది, నల్ల తుమ్మను నాగలికీ బండికీ పనికొస్తుందని పాతుకుంటారు. అది ఏ చెట్టన్నది నేను చూసి రాయాల్సిన విషయమే. చెట్టు దగ్గరికెళ్ళి బెరడు చూశాను, రాలిన కాయలు చూశాను. పూసల దండలా గింజ గింజకీ నొక్కుకుపోయిన కాయలు. సర్వేయరు గారు కూడా చూసి నల్ల తుమ్మే అన్నారు. కొట్టేసి రాసి, పక్కన నా సంతకం పెట్టాను. పాతిందెవరో రాయలేదు.

మళ్ళీ గట్టు మీదికొచ్చి సంతకాలకు కాగితాలు చాపాను. ముసలమ్మ ఇంకుప్యాడు వైపు చూసింది కానీ వేలు ముందుకు జరపలేదు.

"మొదట్నించీ ఇంకోసారి చదువమ్మా" అంది.

తూర్పున మబ్బు పడుతోంది, ఆటో అబ్బాయి గట్టు మీద హారన్ కొడుతున్నాడు. మొదటి కాగితం పైకి తీశాను.